ఖర్చులు అడిగిన ఎదుటి ప్లీడరు

ఎదుటి ప్లీడరు చనిపోయిన కబురు మాకు చేలో తెలిసింది. ముందు రోజు సాయంత్రం మంచి వాన పడింది. మా అనంతపురం వైపు వాన పడితే ఎవరూ అరుగు మీద కూర్చుని చూడరు, ట్రాక్టరు కోసం పోట్లాట మొదలవుతుంది. ఈసారి అందరికంటే ముందు మాకే దొరికింది. శెనక్కాయ విత్తనం సగం చేను దాకా వచ్చింది, నా ఫోను మోగింది. ఆ ప్లీడరు దగ్గర చాలా కాలం పనిచేసిన గుమాస్తా. "అక్కా, సారు పోయినాడు. తెల్లారుజామున. మీ నాయనకు చెప్పు," అని పెట్టేశాడు.

నాయన గట్టు మీద విత్తనం మూట పక్కన నిలబడి ఉన్నాడు. వెళ్లి చెప్పాను. భుజం మీది టవలుతో మొహం తుడుచుకుని చేను వైపు చూశాడు. విత్తిన సగం వైపు ఒకసారి, విత్తాల్సిన సగం వైపు ఒకసారి. ఆ తర్వాత ఆయన ఏం చేశాడో చివర్లో చెప్తాను. ముందు ఆ పోయిన మనిషి మాకు ఏమవుతాడో చెప్పాలి.

ఏమీ కాడు. చుట్టం కాదు, కనీసం మా ప్లీడరు కూడా కాదు. మా చేను కలుపుకున్న ఆసామి తరఫున మా మీద వాదించిన ప్లీడరు. చాలా కాలం మా ఇంట్లో ఆయన ప్రస్తావన వస్తే అమ్మ మెటికలు విరిచేది. నేనూ తక్కువ తిట్టలేదు. గార్లదిన్నె దగ్గర బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని, పరీక్షల సెలవుల్లో కూడా కోర్టు వరండాలో కూర్చోవలసి వస్తే తిట్లు కాక ఇంకేం వస్తాయి.

మాకు రెండు చేలున్నాయి. ఒకటి రాళ్ల చేను, వాన పడితేనే పంట. రెండోది రోడ్డు పక్కది, బోరులో నీళ్లున్నది. మా బతుకు ఆ రెండో చేను మీదే నడిచేది. పక్క చేని ఆసామికి కార్లున్నాయి, మనుషులున్నారు, ఎలక్షన్లప్పుడు ఆయన ఇంటి ముందు జనం ఉంటారు. కంచె కొంచెం కొంచెం జరుపుతూ వచ్చి ఒక వేసవిలో ఏకంగా చేనంతా, బోరుతో సహా, లోపలికి వేసుకున్నాడు. నాయన వెళ్లి అడిగితే, "కొలతల్లో అట్లే వచ్చిందప్పా, నేనేం చేయాల," అన్నాడు. చేను మాదని తేల్చి మాకు ఇప్పించమని నాయన అనంతపురం కోర్టులో దావా వేశాడు.

ఎదుటి ప్లీడరును నేను మొదట చూసింది నాయనను ప్రశ్నించిన రోజు. బక్కపలచటి మనిషి. ఎడమ కాలి చెప్పు విడిచి, ఆ పాదాన్ని కుడి చెప్పు మీద పెట్టి నిలబడేవాడు. బోనెక్కిన నాయనను చూసి మెల్లగా, "తిన్నావా అప్పా?" అని అడిగాడు. నాయన మొహం విప్పారింది. "తిన్న సార్," అన్నాడు. అంతే, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా కంచె ఎప్పుడు వేశారు, వేస్తుంటే నువ్వెందుకు ఊరుకున్నావు, గట్టు ఏ వైపుంది అని తిప్పి తిప్పి అడిగి మనిషిని పిప్పి చేశాడు. మిగతాది వచ్చే వాయిదాకు అన్నారు. బయటికి వచ్చాక నాయన, "తిన్నావా అని అడిగి పేగులు తీసినాడు మ్మా," అన్నాడు.

ఆ వచ్చే వాయిదా రోజే కొంప మునిగింది. తెల్లవారుజామున వాన కురిసింది. ఎన్నాళ్లో ఎదురుచూసిన వాన. నేను బడికి వెళ్తూ, "నాయనా, ఈ పొద్దు కోర్టుండాది, మర్చిపోవద్దు," అని చెప్పాను కూడా. ఆయన తలూపాడు. నేను అటు వెళ్లగానే ఆయన రాళ్ల చేనికి వెళ్లి విత్తనం వేసుకున్నాడు. ఫోను గట్టు మీద మోగి మోగి ఆగిపోయింది. మా ప్లీడరు ఆ రోజు గుత్తి కోర్టులో ఉన్నాడు, పార్టీ వస్తాడు కదా, టైము అడుగుతాడు కదా అనుకున్నాడు. కోర్టులో బంట్రోతు పిలిస్తే పలికిన వాళ్లు లేరు. దావా వేసినవాడే రాలేదని కేసు కొట్టేశారు.

సాయంత్రం తెలిసి నేను అరిచాను. నాయనకు తప్పు చేశానని కూడా తోచలేదు. "వాయిదా మళ్లా ఇస్తారు మ్మా. నేల పదును ఎవరిస్తారు?" అన్నాడు. మా వైపు ఎవరినడిగినా అదే అంటారు. కోర్టుకు ఆ సంగతి తెలియదు. ఇట్లా కొట్టేసిన కేసును మళ్లీ తెరిపించుకోకపోతే అదే చేను మీద ఇంకో దావా వేయడానికి లేదని మా ప్లీడరు చెప్పాకే నాయనకు తప్పు తెలిసింది.

కేసు మళ్లీ తెరవమని అర్జీ పెట్టాం. అది విన్న రోజు నేనూ ఉన్నాను. జడ్జిగారు, "వాన పడిందని కోర్టు మానేశారా?" అన్నారు. ఎదుటి ప్లీడరు లేచాడు, ఎడమ చెప్పు విడిచాడు. "వాన మీద మాకు కోపం లేదండీ. మాకూ చేలున్నాయి. కానీ ఆ రోజు మా పార్టీ వచ్చినాడు, సాక్షులను పిల్చుకొచ్చినాడు, సాయంత్రం దాకా కూర్చున్నాము. మా రోజు పోయింది. తెరిస్తే ఖర్చులు వేసి తెరవండి," అన్నాడు. జడ్జిగారు సరేనన్నారు. ఫలానా తేదీలోగా ఎదుటి పక్షానికి ఖర్చులు ముట్టజెప్పాలి, లేకపోతే అర్జీ కొట్టేసినట్టే, ఇంకో అవకాశం ఉండదు అని ఆర్డరు రాశారు.

నాకు 'ఖర్చులు వేయండి' అన్న మాట ఒక్కటే చెవిలో పడింది. 'తెరవవద్దు' అని ఆయన అనలేదన్న సంగతి చాలా రోజులకు గాని తట్టలేదు. అనమని ఆసామి గట్టిగానే చెప్పాడట, ఆ తర్వాత తెలిసింది.

మా ప్లీడరు బయట వేప చెట్టు కింద నిలబెట్టి వివరించాడు. "గెలిచినోళ్లకు ఓడినోళ్లు ఖర్చులిచ్చేది వేరే, అది తీర్పుతో తేలుతాది. ఇది ఆ ఖర్చు కాదు. మన వల్ల వాళ్లకు ఒక రోజు పోయింది. ఆ రోజు మన నెత్తిన పడింది. కడితే తలుపు తెరుస్తారు. కట్టకుంటే లేదు."

తలుపు సంగతి సరే, నాయన జేబు తెరవలేదు. "నా చేను తిన్నోనికి నేనే దుడ్లు ఇయ్యాల్నా? సచ్చినా ఇయ్యను," అన్నాడు. నా జీతంలోంచి కడతానన్నాను. "నీ దుడ్లు మాత్రం నావి కావా? వద్దు," అన్నాడు. బతిమాలాను, అలిగాను, రెండు రోజులు మాట్లాడలేదు. గడువు దగ్గర పడేకొద్దీ ఇంట్లో అన్నం కూడా ఎవరి మూల వాళ్లు తిన్నారు. ఆఖరి రోజు పొద్దున అమ్మ చెంబు కింద పెట్టి, "సరే, కట్టొద్దు. రోజూ పొద్దున పోయి ఆ కంచె అవతల నిలబడి మన బోరు సప్పుడు ఇనుకుంటా ఉండు," అంది. నాయన లేచి చొక్కా వేసుకున్నాడు. అన్నం తినకుండానే బస్సెక్కాం.

కోర్టుకు చేరేసరికి జడ్జిగారు సెలవు. ఆఫీసులో శిరస్తదారు కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ కట్టించుకోవాలంటే జడ్జిగారి ఆర్డరుండాలమ్మా. ఇందులో ఎదుటి పక్షానికి ఇవ్వమని ఉంది. వాళ్ల ప్లీడరు ముట్టిందని రాసి సంతకం పెట్టిన కాగితం ఆఫీసు మూసేలోపల తెస్తే తీసుకుంటా."

ప్లీడర్ల గదిలో ఎదుటి ప్లీడరు కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ వీపు మీద నల్లకోటు కూడా లేదు. పక్కన కూర్చునేవాళ్లు గుత్తికి పోయినాడని ఒకరు, ఒంట్లో బాగలేదని ఒకరు చెప్పారు. మా ప్లీడరు పెదవి కొరుక్కున్నాడు. "ఇది కొత్త కాదులేమ్మా. కట్టే పొద్దుకు తీసుకునేవాడు కనపడడు. గడువు పోయినాక, మేము ఈడనే ఉన్నాము, వాళ్లే రాలేదంటారు. పొడిగించమని రేపు అడగొచ్చు, అయితే ఇంకో అవకాశం లేదని జడ్జి రాసేసినాడు కదా."

ఎదుటి ప్లీడరు గుమాస్తాను వెతికి పట్టుకున్నాను. కాగితాల కట్టలు కడుతూ నా మొహం చూడలేదు. "సారు ఈ పొద్దు రాడక్కా."

"యాడికి పోయినాడు?"

"నన్ను అడగొద్దక్కా."

నేను కదల్లేదు. ఆయన కట్టకు ముడి వేశాడు, మళ్లీ విప్పాడు. "ఇంట్లోనే ఉండాడు. ఆసామి కారు కూడా ఆడనే ఉండాది. నేను చెప్పినానని అనొద్దు," అన్నాడు.

మా ప్లీడరు కాగితం రాసిచ్చి, "మీరు పోండి, నేను ఆఫీసు వాళ్లను పట్టుకుంటా," అన్నాడు. ఆటోలో బుక్కరాయసముద్రం దారి పట్టాం. నాయన చొక్కా జేబు మీద చెయ్యి తీయలేదు. నేను మొబైలులో టైము చూడటం, ఆటో డ్రైవరు వీపు చూడటం.

ఇంటి ముందు తెల్ల కారు ఉంది. గేటు దగ్గర ఆసామి మనుషులు ఇద్దరు. "సారు లేడు, ఊరికి పోయినాడు," అన్నారు. నాయన గేటు సందులోంచి చూసి, "సారు చెప్పులు ఆడ ఉండాయే," అన్నాడు. గుమ్మం దగ్గర నిజంగానే ఆ చెప్పులున్నాయి, ఎడమది కొంచెం దూరంగా. వాళ్లు దారికి అడ్డం నిలబడ్డారు. నాయనకు ఎక్కడిదో గొంతు వచ్చింది. వీధంతా వినపడేలా, "సార్, నేను ఖర్చులు కట్టేదానికి వచ్చినా. కోర్టు చెప్పిన దుడ్లు తెచ్చినా," అన్నాడు.

లోపల మాటలు ఆగిపోయాయి. "సారూ, మీరు కూర్చోండి," అని ఆసామి గొంతు. కుర్చీ జరిగిన చప్పుడు. నేను గేటు ఊచ పట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది.

లుంగీ, బనియను. కళ్లజోడు నెత్తి మీద. ఎదుటి ప్లీడరు మెట్టు మీద నిలబడి నాయనను చూశాడు. "తిన్నావా అప్పా?" అన్నాడు.

"లేదు సార్."

"గేటు తెరవండప్పా," అన్నాడు ఆయన, ఆ ఇద్దరితో. వాళ్లు ఆసామి వైపు చూశారు. ఆసామి గుమ్మంలోకి వచ్చాడు. "సారూ, తీసుకోవద్దని చెప్పినా కదా. కేసు నాది. ఈ పొద్దు దాటితే సాలు, ఇంక చేను గొడవే ఉండదు."

"చెప్పినావు. విన్నా. కోర్టుకు పోవద్దంటివి, పోలేదు. ఇంటికొచ్చి ఇస్తాంటే చేతులు యాడ దాచుకోవాలప్పా?"

"లేడని చెప్పినాము, పోతాండిరి వాళ్లు."

"నేనే అడిగినా ఆ ఖర్చులు. కోర్టులో నిలబడి, మా రోజు పోయింది, వేయండి అన్నా. అడిగినోడే తీసుకోకుండా దాక్కుంటే, రేపు నేను ఏ జడ్జి ముందర నోరు తెరవాల?"

గేటు ఆయనే వచ్చి తీశాడు. నాయన జేబులోంచి దుడ్లు తీసి ఇచ్చాడు. ఆయన లెక్కపెట్టలేదు. కాగితం తీసుకుని పెన్ను కోసం జేబు తడుముకున్నాడు, బనియనుకు జేబెక్కడిది. లోపలి నుంచి ఆయన భార్య పెన్ను తెచ్చింది. అది రాయలేదు. విదిల్చాడు, గోడ మీద గీకాడు. నా బ్యాగులో ఎర్ర పెన్ను తప్ప ఇంకేం లేదు, పరీక్ష పేపర్లు దిద్దేది. ఆయన దాన్ని చూసి, "ఎర్ర ఇంకు వద్దమ్మా, రేపు ఎవరైనా తప్పు పడతారు," అన్నాడు. ఆమె ఇంకోటి వెతకడానికి వెళ్లింది. ఆ కాస్త సేపు ఆసామి ఆయన మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. నా జీవితంలో అంత పొడుగు నిమిషం ఇంకోటి లేదు. పెన్ను వచ్చింది. ప్రహరీ గోడ మీద కాగితం పెట్టి, ముట్టినది అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, ఊదాడు.

"మా కేసు కట్టలన్నీ ఇచ్చెయ్యి సార్," అన్నాడు ఆసామి. "నావి, మా వాళ్లవి, అన్నీ."

"రేపు గుమాస్తా సర్ది ఇస్తాడు. ఇదో, ఈ దుడ్లు నీవి."

ఆసామి తీసుకోలేదు. కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఆయన ఆ నోట్లను ప్రహరీ గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టి, మా వైపు తిరిగి, "ఇంకా నిలబడతారేంది, ఆఫీసు మూస్తారు, పోండి," అని కసిరాడు.

తిరుగు దారిలో చెరువు కట్ట దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆటో హారను కొడితే గొర్రెలు ఇంకా దగ్గరికి చేరాయి. నాయన దూకి దిగి, టవలు ఊపుతూ, నాలుక మడిచి ఈల వేసి మందను పక్కకు తోలాడు. కోర్టుకు చేరేసరికి మా ప్లీడరు ఆఫీసు గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి శిరస్తదారుతో వాదిస్తున్నాడు. కాగితం మీద ముద్ర పడింది. నాయన మెట్ల మీద కూలబడి, "ఇప్పుడు తినాల," అన్నాడు. క్యాంటీనులో ఉగ్గాని, బజ్జీ తింటూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ రోజు ఆయన కోర్టుకు రాకుండా ఇంట్లో కూర్చున్నది నిజం. అది దాచి ఆయనను దేవుణ్ని చేయడానికి నేను ఇది రాయడం లేదు. మేము గేటు దగ్గర కేక వేయకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. కేక వేస్తే లోపల కూర్చోలేకపోయిన మనిషి, అంతవరకు నాకు తెలుసు.

ఆసామి కేసులన్నీ తీసుకెళ్లిపోయాడు. ఆయనను చూసి ఇంకొందరు కూడా. కొంత కాలానికి ఎదుటి ప్లీడరు పాత స్కూటరు మీద వచ్చి, చిన్నాచితకా కేసులు చూసుకుని వెళ్లడం గమనించాను. తన పార్టీయే వాయిదా అడగమన్నప్పుడు కూడా ఆయన లేచి, "అవతలోళ్లు బస్సెక్కి వచ్చినారండీ, మా మీద ఖర్చులు వేయండి," అనేవాడట. అట్లాంటి ప్లీడరును ఎవడు పెట్టుకుంటాడు, అని మా ప్లీడరు నవ్వేవాడు. కానీ ఆయన వరండాలో ఎదురైతే మాత్రం పక్కకు జరిగి దారిచ్చేవాడు.

ఆ ఏడు రాళ్ల చేలో నాలుగు కాయలు వస్తే నాయన సంచిలో పోసుకుని ఆయన ఇంటికి వెళ్లాడు. ఆయన సంచి గేటు దాటనివ్వలేదు. "కేసు నడుస్తాండాది. ఎదుటి పార్టీ చేతిది తినేదానికి లేదు."

"మీరిప్పుడు ఆ కేసులో లేరు కదా సార్."

"లేకున్నా నీకు నేను ఎదుటి ప్లీడరునే," అన్నాడట. ఆ పేరు అట్లా నిలిచిపోయింది.

ఇంకో ప్లీడరు వచ్చి ఎంత లాగినా చివరికి కేసు మేమే గెలిచాం. చేను మాకు అప్పగించమని, దావా ఖర్చులు ఆసామే ఇచ్చుకోవాలని తీర్పు. అప్పీలు గొడవ కూడా తీరాక నాయనా నేనూ ఆయన దగ్గరికి వెళ్లాం. ఈసారి కాయల సంచి లోపలికి రానిచ్చాడు. తనే కింద కూర్చుని ఒలుస్తూ, "ఖర్చులు వేసినారంట కదా, తీసుకుంటివా?" అన్నాడు.

"వద్దనుకుంటాండా సార్. చేను వచ్చింది, సాలు."

ఆయనకు కోపం వచ్చింది. "వద్దనేదానికి నువ్వెవరు? ఈ పాప ఎన్ని సెలవులు పెట్టింది, ఎన్ని బస్సులెక్కింది? అన్యాయంగా కోర్టు మెట్లెక్కించినోడు ఊరికే దిగిపోతే, రేపు ఇంకొకరి చేన్లో కంచె వేస్తాడు. ఆ పొద్దు నీ వల్ల పోయిన రోజుకు నేను అడిగినా, నువ్విచ్చినావు. ఇప్పుడు నువ్వడుగు."

నాయన ఒక కాయ చేతిలోకి తీసుకున్నాడు. "అడుగుతా సార్. మరి మీకైన ఖర్చు? ఆ పొద్దు సంతకం పెట్టి మీరు పోగొట్టుకున్నది ఎవరి దగ్గర అడగాల?"

ఆయన చేతిలో కాయ చిటుక్కుమంది. "దానికి రూలు లేదప్పా," అని నవ్వి, గింజలు నాయన చేతిలో పోశాడు. "తిను."

ఆ తర్వాత ఏటా మొదటి కాయలు ఆయనకే వెళ్లేవి. పోయిన ఏడు వెళ్లినప్పుడు మంచం మీద ఉన్నాడు, ఒలిచే బలం లేదు. నాయన ఒలిచి పెడితే ఒక్కో గింజ నమిలాడు. ఆ రోజు కూడా మమ్మల్ని చూడగానే తిన్నారా అనే అడిగాడు.

ఇక చేలో ఏం జరిగిందో చెప్తాను. ఫోను కబురు విని నాయన టవలు భుజాన వేసుకుని ట్రాక్టరుకు అడ్డం వెళ్లాడు. "ఆపప్పా."

"సగం ఉండాదన్నా," అన్నాడు డ్రైవరు. "ఈడ నుంచి ఇంకొకరి చేనికి పోవాల. మళ్లా రాలేను."

"నాయనా, నేను పోతాను, నువ్వు విత్తనం ముగించుకో," అన్నాను. "ఎండ చూడు. సాయంత్రానికే పదును పోతాది."

"పోనీ మ్మా. పదును కోసం ఒక పొద్దు ఆయప్పను కోర్టులో ఊరికే కూర్చోబెట్టినా. ఈ పొద్దు కూర్చోబెట్టను." విత్తనం మూట నోరు కట్టి గట్టు మీద పెట్టాడు. "ఈ ఖర్చు నాది," అన్నాడు.

బుక్కరాయసముద్రంలో ఆ ప్రహరీ గోడ పక్కనే, మట్టి కాళ్లతో, పొద్దు కుంకేదాకా నిలబడ్డాడు. అన్నీ ముగిశాకే బస్సెక్కాడు. మర్నాటికి చేను ఎండి గట్టిపడింది. మళ్లీ వాన కోసం చాలా రోజులు ఆగాల్సి వచ్చింది, మిగిలిన సగం అప్పుడు విత్తుకున్నాం.

నిన్న బడి నుంచి వస్తూ బస్సు కిటికీలోంచి చూశాను. మా రాళ్ల చేను నడిమిన గీత గీసినట్టు ఉంది. ఒక సగం పచ్చగా కమ్ముకుని పసుపు పూత పట్టింది. ఇంకో సగంలో ఎర్రమట్టి కనిపిస్తోంది, మొలకలు ఇప్పుడిప్పుడే రెండాకులు విప్పుతున్నాయి. ఆ గీత మీద, ట్రాక్టరు ఆగిన చోట, నాయన ఒంటరిగా వంగి కలుపు తీస్తున్నాడు.